డార్జిలింగ్‌కు ఒంటరిగా, తక్కువ ఖర్చుతో: టికెట్ నుంచి తిరుగు ప్రయాణం దాకా

మొదటిసారి డార్జిలింగ్ వెళ్లినప్పుడు రెండు రాత్రులే ఉన్నాను. రైలు దిగగానే జీపు మొత్తం మాట్లాడుకున్నాను. తెల్లవారుజామున ‘మూడు పాయింట్లు’, పగలు ‘ఏడు పాయింట్లు’ (అంటే జీపు ఆపి చూపించే చోట్లు) చూపిస్తామంటే ఇంకో జీపు మాట్లాడుకున్నాను. రెండు రోజులూ మబ్బు విడవలేదు. కాంచనజంగ శిఖరం ఒక్క క్షణం కూడా కనిపించలేదు. మరోసారి వెళ్లినప్పుడు అయిదు రాత్రులు ఉన్నాను. ఊరంతా దాదాపు నడిచే తిరిగాను, అయినా మొదటిసారి కన్నా తక్కువే ఖర్చయింది. నాలుగో రోజు ఉదయం కొండ కనిపించింది.

ఆ రెండు ప్రయాణాల మధ్య నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఒంటరిగా వెళ్లేవారికి జీపు అద్దెలో, గది అద్దెలో వాటా పంచుకునే మనిషి ఉండడు. ఆ భారం నిజమైనదే. కానీ నచ్చిన చోట గంటసేపు కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈ ఊళ్లో ఆ స్వేచ్ఛకు చాలా విలువ ఉంది. అందుకే ముందే చెబుతున్నాను: పాయింట్లు తగ్గించండి, రోజులు పెంచండి. కనీసం నాలుగు రాత్రులు లేనిదే బయలుదేరకండి.

మొదటి అడుగు: నెల ఎంచుకోవడం

డార్జిలింగ్ పశ్చిమ బెంగాల్ ఉత్తర కొసన, సుమారు 2,045 మీటర్ల ఎత్తున, ఒక కొండ వెన్ను పొడవునా పరుచుకున్న ఊరు. ఉత్తరం వైపు 8,586 మీటర్ల కాంచనజంగ నిలబడి ఉంటుంది. ప్రపంచంలో మూడో ఎత్తైన శిఖరం అది. అది మీకు కనిపిస్తుందా లేదా అన్నది చాలావరకు మీరు ఎంచుకునే నెలే తేలుస్తుంది.

జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరిదాకా వానలు. కొండచరియలు విరిగి దారులు మూసుకుపోతాయి. అక్టోబర్ మొదటి వారాన్ని కూడా నేను నమ్మను. 2025 అక్టోబర్ మొదటి వారంలోనే భారీ వానలకు ఈ జిల్లాలోనే ఉన్న మిరిక్ పరిసరాల్లో చరియలు విరిగిపడి ప్రాణనష్టం జరిగింది. ఏప్రిల్, మే నెలల్లో వాతావరణం హాయిగా ఉంటుంది, రోడోడెండ్రాన్లు పూస్తాయి. అయితే దేశమంతా వేసవి సెలవుల్లో ఉంటుంది కాబట్టి గదుల ధరలు పెరుగుతాయి, పొగమంచు కొండను తరచుగా కప్పేస్తుంది. మనకు దసరా సెలవులు వచ్చేసరికి బెంగాల్‌లో దుర్గా పూజ సెలవులు. అప్పుడు కోల్‌కతా సగం ఇక్కడే ఉన్నట్టుంటుంది. ఒంటరి ప్రయాణికుడికి చౌక గది దొరకడం ఆ రోజుల్లో చాలా కష్టం.

నా ఓటు నవంబర్‌కు. ఆకాశం తేటగా ఉంటుంది, పూజ రద్దీ తగ్గి ఉంటుంది, చలి ఇంకా ఎముకలకు పట్టదు. ఇంకో లాభం కూడా ఉంది. తేయాకు తోటలు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా దాదాపు నిద్రపోతాయి, ఆకు కోయరు. నవంబర్ మొదటి రెండు మూడు వారాల్లో అయితే శరదృతువు కోత చివరి దశలో ఉంటుంది. కొండ, తోట రెండూ దక్కే రోజులు అవే. చలికి భయపడనివారు డిసెంబర్‌లో క్రిస్మస్ రద్దీకి ముందు వెళ్లవచ్చు. జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలకు పడిపోతుంది. చాలా చౌక గదుల్లో హీటరు ఉండదని గుర్తుంచుకోండి.

ఇంకో సంగతి. దేశానికంతటికీ గడియారం ఒక్కటే అయినా సూర్యుడు తూర్పున ముందు వస్తాడు, ముందే వెళ్లిపోతాడు. నవంబర్, డిసెంబర్‌లలో సాయంత్రం అయిదుకే చీకటి పడుతుంది. రాత్రి ఎనిమిదికల్లా చాలా దుకాణాలు మూసేస్తారు. మీ రోజును ఉదయం అయిదున్నరకు మొదలుపెట్టి సాయంత్రానికి ముగించేలా వేసుకోండి.

రెండో అడుగు: కొండ కిందికి చేరడం

కొండ కింద రైల్వే స్టేషన్ న్యూ జల్‌పాయ్‌గుడి. టికెట్ సైట్లలో, స్థానికుల నోట ఎన్‌జేపీ. విమానాశ్రయం బాగ్‌డోగ్రా. రెండూ సిలిగుడి పట్టణానికి దగ్గరలోనే ఉన్నాయి.

తక్కువ ఖర్చు కావాలంటే రైలే. మన వైపు నుంచి కోల్‌కతా చేరడానికి సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్, విజయవాడ, విశాఖల మీదుగా వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లాంటివి ఉన్నాయి. కోల్‌కతాలో ఉత్తరానికి వెళ్లే రాత్రి రైళ్లలో చాలావరకు సియాల్దా స్టేషన్ నుంచి బయలుదేరతాయి. వాటిలో అందరికీ తెలిసినది డార్జిలింగ్ మెయిల్. రాత్రి ఎక్కితే ఉదయానికి ఎన్‌జేపీ, ఒక రాత్రి గది అద్దె కూడా మిగులుతుంది. మీరు దిగిన స్టేషన్ హౌరా అయితే సియాల్దాకు వెళ్లడానికి ఇప్పుడు టాక్సీ అవసరం లేదు. హుగ్లీ నది కింద నుంచి వెళ్లే మెట్రో 2025 ఆగస్టు నుంచి రెండు స్టేషన్లనూ నేరుగా కలుపుతోంది. టికెట్‌కు అయ్యేది పదుల రూపాయలే.

రిజర్వేషన్లు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. సియాల్దా నుంచి ఎన్‌జేపీకి స్లీపర్ టికెట్లు త్వరగా అయిపోతాయి. ముందు ఆ టికెట్ దొరికాకే మన ఊరి నుంచి కోల్‌కతా టికెట్ తీసుకోండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి ఇబ్బంది పడతారు. రెండు రైళ్ల మధ్య కనీసం ఆరు గంటల తేడా ఉంచండి.

మూడో అడుగు: కొండ ఎక్కడం

ఎన్‌జేపీ నుంచి డార్జిలింగ్‌కు రోడ్డు మీద సుమారు 70 కిలోమీటర్లు, మూడు నుంచి నాలుగు గంటలు. స్టేషన్ బయట కాలు పెట్టగానే మిమ్మల్ని చుట్టుముట్టేవారు మొదట చెప్పే మాట, “షేర్ జీపులు లేవు, బండి మొత్తం మాట్లాడుకోవాలి.” నా మొదటి ప్రయాణంలో ఆ మాట నమ్మే మూడు వేలకు పైగా ఇచ్చాను. షేర్ జీపులు ఉంటాయి. ఒక సీటుకు మూడు నాలుగు వందల రూపాయల మధ్య అడుగుతారు. పది మంది నిండాక కదులుతుంది. స్టేషన్ దగ్గర దొరక్కపోతే సిటీ ఆటోలోనో ఈ-రిక్షాలోనో సిలిగుడిలోని తెన్జింగ్ నార్గే బస్ టెర్మినస్‌కు వెళ్లండి. అక్కడ షేర్ జీపులతోపాటు ఉత్తర బెంగాల్ రాష్ట్ర రవాణా సంస్థ బస్సులు కూడా దొరుకుతాయి. బస్సు జీపు కన్నా చౌక, కానీ సంఖ్య తక్కువ. ఉదయం వెళ్తేనే నమ్మకం.

మధ్యాహ్నం మూడు దాటాక షేర్ జీపు దొరకడం కష్టమవుతుంది. మీ రైలు మధ్యాహ్నం తర్వాత చేరేదైతే ఆ రాత్రి సిలిగుడిలోనే చౌక గదిలో ఉండి పొద్దున్నే బయలుదేరడం అన్ని విధాలా మంచిది.

సీటు ఎంచుకునే వీలుంటే డ్రైవర్ పక్కనో, మధ్య వరుసలో కిటికీ దగ్గరో కూర్చోండి. వెనక సీట్లలో మలుపులకు కడుపు తిప్పుతుంది. వాంతుల ఇబ్బంది ఉన్నవారు డాక్టర్‌ను అడిగి మాత్ర వెంట తెచ్చుకోవాలి, బయలుదేరే ముందు తేలికగా తినాలి. ఈ ఎత్తులో ఊపిరాడకపోవడం లాంటివి ఆరోగ్యవంతులకు సాధారణంగా రావు. మొదటి రోజు మెట్లు ఎక్కేటప్పుడు మాత్రం ఆయాసం వస్తుంది, అంతే.

కొండ ఎక్కే చిన్న రైలు టాయ్ ట్రైన్‌లోనే వెళ్లవచ్చు కదా అని అడుగుతారు. వెళ్లవచ్చు. ఎన్‌జేపీ నుంచి 88 కిలోమీటర్లు, ఏడు గంటలకు పైగా. పూర్తి ప్రయాణం టికెట్ కూడా చౌకది కాదు. తక్కువ రోజులు, తక్కువ డబ్బు ఉన్నవారికి నేను సిఫారసు చేయను. ఈ రైలును దగ్గరగా చూసే మంచి పద్ధతి వేరే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

నాలుగో అడుగు: బస

గది వెతికే ముందు ఊరి అమరిక తెలియాలి. డార్జిలింగ్ మేడ మెట్లలాంటి ఊరు. కింది అంతస్తులో హిల్ కార్ట్ రోడ్డు. రైల్వే స్టేషన్, చౌక్ బజార్, షేర్ జీపుల స్టాండ్ అన్నీ అక్కడే. పై అంతస్తులో చౌరస్తా, అంటే వాహనాలు రాని విశాలమైన కూడలి. ఒక పక్కన నేపాలీలో రామాయణం చెప్పిన కవి భానుభక్త ఆచార్య విగ్రహం, చుట్టూ బల్లలు, వాటి మీద ఎండ కాగే పెద్దవాళ్లు. ఈ రెండు అంతస్తుల మధ్య నిట్టనిలువు సందులు, మెట్లు.

మ్యాపులో ‘400 మీటర్లు’ అని చూసి మోసపోకండి. ఆ నాలుగు వందల మీటర్లూ మెట్లే కావచ్చు. పెట్టెకు చక్రాలు ఉన్నా ఇక్కడ అవి తిరగవు. వీపు సంచి ఒక్కటే మార్గం.

చౌరస్తా పక్కన, గాంధీ రోడ్డు మీద కొండ వైపు కిటికీ ఉన్న గదులు ఖరీదు. చౌరస్తా నుంచి ఎక్కి వెళ్లే టీవీ టవర్, జాకీర్ హుస్సేన్ రోడ్డు ప్రాంతంలో చౌక హోమ్‌స్టేలు, హాస్టళ్లు ఉన్నాయి. వీపు సంచితో తిరిగేవారు ఎక్కువగా అక్కడే దిగుతారు. డార్మిటరీ మంచానికి అయిదు నుంచి ఎనిమిది వందలు, చిన్న గదికి వెయ్యి నుంచి పదిహేను వందలు అని లెక్క వేసుకోండి. రద్దీ లేని రోజుల్లో మూడు రాత్రులకు మించి ఉంటానంటే యజమానులే తగ్గిస్తారు. మొదటి రాత్రికి మాత్రమే ముందుగా బుక్ చేసుకుని, మిగతావి గది చూశాక మాట్లాడుకోవడం నా అలవాటు.

గది చూసేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి, బకెట్‌కు విడిగా డబ్బు ఇవ్వాలా? దుప్పట్లు ఎన్ని ఇస్తారు? రాత్రి తలుపు ఎప్పుడు మూస్తారు? గోడకు చెమ్మ ఉందా? నాలుగోది అడగనక్కర లేదు, చేత్తో తాకి చూడండి. ఈ ఊరికి నీటి కొరత ఎంతో కాలంగా ఉంది. చాలా ఇళ్లకు నీళ్లు కొనుక్కోవాలి. బకెట్ నీళ్లకు డబ్బు అడిగితే అది దోపిడీ అనుకోకండి, మీరూ పొదుపుగా వాడండి.

అయిదో అడుగు: సంచి సర్దడం

ఒక మందపాటి కోటు కన్నా మూడు పలుచటి పొరలు మేలు. లోపల ఒంటికి అంటుకునే బనియను, మీద స్వెటర్, ఆపైన గాలిని, వానను ఆపే జాకెట్. నడుస్తుంటే చెమట పడుతుంది, ఆగితే చలి వేస్తుంది. పొరలుంటే తీయవచ్చు, వేయవచ్చు. ఉతికిన బట్టలు ఇక్కడ రెండు రోజులైనా ఆరవు, అందుకని మేజోళ్లు నాలుగు జతలు తెచ్చుకోండి. పట్టున్న బూట్లు, మంకీ క్యాప్, చిన్న టార్చ్, నీళ్ల సీసా, జ్వరానికి, అజీర్తికి మాత్రలు. చలికి ఫోను బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. రాత్రి దాన్ని దుప్పట్లోనే ఉంచుకోండి. ఊరి మ్యాపును నెట్ లేకుండా తెరుచుకునేలా ముందే దింపి పెట్టుకోండి.

ఆరో అడుగు: రోజులు పంచుకోవడం

ఇక్కడ ఒకే నియమం. ప్రతి ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా కొండకు వదిలేయండి. మిగతా పనులన్నీ ఆ తర్వాతే.

చౌరస్తా వెనక అబ్జర్వేటరీ కొండ చుట్టూ ఒక రోడ్డు తిరిగి మళ్లీ చౌరస్తాకే వస్తుంది. నిదానంగా నడిస్తే అరగంట. ఉత్తరం వైపు చేరాక లోయ మీదుగా కాంచనజంగ మొత్తం కనిపించే చోట్లు ఉన్నాయి. టికెట్ లేదు, జీపు లేదు. నేను చూసిన ఉదయం ముందు ఏమీ లేదు, బూడిదరంగు గోడ మాత్రమే. పక్కన పరుగుకు వచ్చిన ఒక పెద్దాయన ఆగి, లోయ వైపు కాకుండా ఇంకా పైకి చూడమని చేత్తో చూపించారు. నేను వెతుకుతున్నది చాలా కింద. మబ్బుకు పైన, ఆకాశం ఉండాల్సిన చోట, పలుచటి గులాబీ గీత ఒకటి. కొద్ది నిమిషాల్లో అది పసుపు తిరిగింది, తర్వాత తెల్లబడింది. ఏడున్నరకు మళ్లీ గోడే. అందుకే చెబుతున్నాను, అలవాటుగా చూసే ఎత్తు కన్నా పైకి చూడండి.

మొదటి రోజు: చేరడానికే సగం రోజు పోతుంది. సాయంత్రం చౌరస్తాలో కూర్చోండి. ఒళ్లు ఎత్తుకు అలవాటు పడనివ్వండి.

రెండో రోజు: ఉదయం నడక అయ్యాక అబ్జర్వేటరీ కొండ మీదికి ఎక్కి మహాకాల్ ఆలయం చూడండి. ఒకప్పుడు ఇక్కడే దోర్జే లింగ్ అనే బౌద్ధ మఠం ఉండేది, ఊరికి ఆ పేరే వచ్చింది. గర్భగుడిలో హిందూ పూజారి, బౌద్ధ లామా ఇద్దరూ కూర్చుంటారు. ఒకరు తిలకం దిద్దుతుంటే పక్కనే మరొకరు మంత్రం చదువుతుంటారు. చెట్ల మధ్య రంగురంగుల ప్రార్థనా జెండాలు, వాటి కింద గంటలు. కోతులు ఎక్కువ, చేతిలో తినే వస్తువు పెట్టుకోకండి. అక్కడి నుంచి సి.ఆర్. దాస్ రోడ్డు మీదుగా దిగితే దేశబంధు చిత్తరంజన్ దాస్ 1925లో కన్నుమూసిన ‘స్టెప్ అసైడ్’ భవనం, ఇంకా కిందికి వెళ్తే భూటియా బస్తీ మఠం వస్తాయి. దిగడం సులువే, తిరిగి ఎక్కడానికి ఊపిరి దాచుకోండి.

మూడో రోజు: జంతుప్రదర్శనశాల, పర్వతారోహణ సంస్థ. చౌరస్తా నుంచి చదునైన చెట్ల దారిలో సుమారు రెండు కిలోమీటర్ల నడక. రెండింటికీ ఒకటే ప్రాంగణం, ఒకటే టికెట్. గురువారం మూసి ఉంటుంది, మీ రోజులు దాన్ని బట్టి మార్చుకోండి. జంతుప్రదర్శనశాల పేరు చదివితే తెలుగువారు ఒక్క క్షణం ఆగుతారు: పద్మజా నాయుడు హిమాలయన్ జూలాజికల్ పార్క్. హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు కుమార్తె పద్మజ 1956 నుంచి 1967 దాకా పశ్చిమ బెంగాల్ గవర్నర్. 1958లో మొదలైన ఈ పార్కుకు 1975లో ఆమె పేరు పెట్టారు. మంచు చిరుతలను, ఎర్ర పాండాలను ఇక్కడ సంరక్షించి పెంచుతారు. ఎర్ర పాండా అంటే పెద్ద జంతువు అనుకుంటారు. నిజానికి అది పిల్లి కన్నా కాస్త పెద్దది, కొమ్మ మీద తోక చుట్టుకుని పడుకుంటే ఎండిన ఆకుల ముద్దలా ఉంటుంది. తెరిచిన వెంటనే వెళ్తే అది కదులుతూ కనిపించే అవకాశం ఎక్కువ.

హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ 1954లో, ఎవరెస్ట్ మొదటి అధిరోహణ జరిగిన మరుసటి ఏడాది మొదలైంది. ఆ అధిరోహణ చేసిన ఇద్దరిలో ఒకరైన తెన్జింగ్ నార్గే ఇక్కడ క్షేత్ర శిక్షణకు మొదటి డైరెక్టర్. ఆయన సమాధి కూడా ఇక్కడే ఉంది. మ్యూజియంలో తొలి యాత్రల నాటి బూట్లు, ప్రాణవాయువు సిలిండర్లు చూడండి. ఇప్పటి సామగ్రితో పోలిస్తే అవి ఎంత బరువైనవో చూడగానే తెలుస్తుంది. నేను గంటన్నర ఉన్నాను, తక్కువే అనిపించింది.

మధ్యాహ్నం హ్యాపీ వ్యాలీ తోటకు దిగండి. 1854లో పెట్టిన తోట, ఊరికి బాగా దగ్గర. కొద్ది రుసుముతో ఫ్యాక్టరీ తిప్పి చూపిస్తారు. పై అంతస్తులో పొడవాటి తొట్లలో ఆకు పరిచి రాత్రంతా గాలి పట్టిస్తారు. అక్కడ కోసిన పచ్చిగడ్డి వాసన. తర్వాత ఆకును నలుపుతారు, గాలికి రంగు మారనిస్తారు, వేడి గాలిలో ఆరబెట్టి జల్లెడ పడతారు. కింది అంతస్తుకు వచ్చేసరికి ఆ పచ్చి వాసన పండిన పండు వాసనగా మారి ఉంటుంది. నాలుగు కిలోలకు పైగా పచ్చి ఆకు పోస్తే కిలో పొడి వస్తుంది. అదంతా రెండు ఆకులు, ఒక మొగ్గ చొప్పున చేత్తో గిల్లిందే. ధర ఎందుకంత అని ఆ తర్వాత అడగబుద్ధి కాదు.

నాలుగో రోజు: రైలు రోజు. టాయ్ ట్రైన్ అసలు పేరు డార్జిలింగ్ హిమాలయన్ రైల్వే, దాని పట్టాల మధ్య వెడల్పు రెండు అడుగులే. 1881లో పూర్తయింది, 1999లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. డార్జిలింగ్ నుంచి ఘూమ్ దాకా వెళ్లి వచ్చే ‘జాయ్ రైడ్’ సుమారు రెండు గంటలు. డీజిల్ ఇంజన్‌కే టికెట్ వెయ్యి రూపాయల స్థాయిలో ఉంటుంది, ఆవిరి ఇంజన్‌కు ఇంకా ఎక్కువ. డబ్బు ఉంటే ఆవిరి బండి ఎక్కండి, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. లేకపోతే నేను చేసినట్టు చేయండి.

షేర్ టాక్సీలో పదుల రూపాయలకు ఘూమ్ వెళ్లండి. సుమారు 2,258 మీటర్ల ఎత్తున ఉన్న ఈ స్టేషన్ దేశంలో అన్నిటికన్నా ఎత్తైనది. చిన్న మ్యూజియం ఉంది. కొంచెం నడిస్తే 1850లో కట్టిన యిగా చోలింగ్ మఠం, లోపల 15 అడుగుల మైత్రేయ బుద్ధుడు. తర్వాత పట్టాల పక్క రోడ్డు పట్టుకుని డార్జిలింగ్ వైపు నడక మొదలుపెట్టండి. మొత్తం ఏడు కిలోమీటర్లు, ఎక్కువగా దిగుడు. దారిలో బతాసియా లూప్ వస్తుంది. ఒక్కసారిగా దిగలేని వాలులో రైలు గుండ్రంగా తిరిగి తన దారి కిందనుంచే వెళ్లే చోటు అది. మధ్యలో గోర్ఖా సైనికుల స్మారకం.

ఆ దారిలో పట్టాలు దుకాణాల గుమ్మాల పక్క నుంచే వెళ్తాయి. నేను ఒక టీ కొట్టు దగ్గర నిలబడి ఉండగా దూరంగా కూత వినిపించింది. కొట్టు నడిపే దీదీ తొందరపడలేదు. పట్టా అంచున పెట్టిన నారింజల బుట్టను కాలితో లోపలికి జరిపింది, స్టూలు తీసింది, గ్లాసు నాకు అందించింది. నీలి ఇంజన్ ఆవిరి చిమ్ముతూ చేయి చాస్తే అందేంత దూరంలో దాటింది. అది వెళ్లగానే బుట్ట మళ్లీ తన చోటికి వచ్చింది. రైలు లోపల కూర్చుని ఉంటే నాకు ఆ బుట్ట కనిపించేది కాదు. మీరు మాత్రం పట్టాల మీద నడవకండి, రోడ్డు అంచునే ఉండండి, వాహనాల రద్దీ ఉంటుంది.

టైగర్ హిల్ సంగతి: ఊరి నుంచి 11 కిలోమీటర్లు, 2,590 మీటర్ల ఎత్తు. తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరాలి, చలిలో వందల మందితో నిలబడాలి. ఆకాశం నిజంగా తేటగా ఉంటే ఎవరెస్ట్ కొస కూడా కనిపిస్తుంది, దానికన్నా మనకు దగ్గరగా ఉన్న మకాలు శిఖరం కన్నా చిన్నగా. ముందు రెండు ఉదయాలూ కాంచనజంగ తేటగా కనిపిస్తేనే మర్నాడు టైగర్ హిల్‌కు డబ్బు పెట్టండి. బసలో ముందు రోజు సాయంత్రం అడిగితే సీటు పంచుకునేవారు దొరుకుతారు. మబ్బు రోజుల్లో అక్కడికి వెళ్లి నిరాశపడేవారే ఎక్కువ.

మిగిలిన సగం రోజుకు జపాన్ శాంతి స్తూపం సరిపోతుంది. 1992లో తెరిచారు, ప్రవేశం ఉచితం. పక్క మందిరంలో ప్రార్థన వేళ మీ చేతికీ చిన్న డప్పు ఇచ్చి వాయించమంటారు. వాన పడితే టిబెటన్ శరణార్థుల స్వయం సహాయక కేంద్రంలో తివాచీలు నేయడం చూడండి. 1959 నుంచి నడుస్తోంది, ఆదివారం సెలవు. రోప్‌వే, రాక్ గార్డెన్ నేను వదిలేస్తాను. సందక్‌ఫూ శిఖరానికి ట్రెక్ అయితే వేరే ప్రయాణం, దీనితో కలపకండి.

తిండి

మోమోలు, తుక్పా (నూడుల్స్ వేసిన వేడి పులుసు), ఆలూ దమ్ ఇక్కడి రోజువారీ భోజనం. చలిలో వేడివేడి తుక్పా ఒక గిన్నె తాగితే పూట గడుస్తుంది. బజారు వైపు దిగిన కొద్దీ ధర తగ్గుతుంది, చౌరస్తా వైపు ఎక్కిన కొద్దీ పెరుగుతుంది. మాంసాహారులు అయినా సరే ఏ మాంసమో అడిగి తినండి. పంది, గొడ్డు మాంసం మోమోలు ఇక్కడ మామూలు. శాకాహారులు ‘వెజ్’ అని ఊరుకోకుండా పులుసు కూడా ఎముకలతో కాచినదేనా అని అడగాలి. శుద్ధ శాకాహారం కావాలంటే బజారులో మార్వాడీ, బిహారీ భోజనశాలలు ఉన్నాయి, పప్పు, అన్నం, రొట్టె కడుపునిండా దొరుకుతాయి. చుర్పీ అని గట్టి జున్ను ముక్కలు అమ్ముతారు. నోట్లో వేసుకుంటే గంటసేపు కరగదు. నడకకు మంచి తోడు.

ఉదయం ఫలహారం గ్లెనరీస్, కెవెంటర్స్ లాంటి పేరున్న చోట్ల ఒక్కసారి చేయండి చాలు. ఆ మేడ మీద ఎండలో కూర్చోవడానికే ఆ డబ్బు.

మాట్లాడడం, జాగ్రత్తలు

ఇక్కడి భాష నేపాలీ. హిందీ అందరికీ వచ్చు. అయినా డ్రైవర్‌ను ‘దాజు’ అని, కొట్టు నడిపే ఆవిడను ‘దీదీ’ అని పిలిచి, ధర అడిగేటప్పుడు ‘కతి హో?’ అనండి. ముఖం విప్పారడం మీకే కనిపిస్తుంది.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు ఈ ఊరు మిగతా చాలా చోట్ల కన్నా తేలిక. దుకాణాలు, హోమ్‌స్టేలు నడిపేది ఎక్కువగా స్త్రీలే. అయినా చీకటి పడ్డాక మెట్ల సందుల్లో దీపాలు తక్కువ, రాళ్లు జారుతాయి, కాబట్టి ఎవరైనా సరే ఏడులోపు గదికి చేరాలి. ఎక్కిన జీపు నంబరు ఇంటికి పంపండి. రోజూ ఏ వైపు వెళ్తున్నారో బస యజమానికి చెప్పండి. చిన్న నోట్లు దగ్గర ఉంచుకోండి. జీపు స్టాండ్‌లో ఫోను చెల్లింపు అన్నిసార్లూ కుదరదు.

ఖర్చు లెక్క

ఊళ్లో ఉన్నన్ని రోజులూ రోజుకు పదిహేను వందల నుంచి రెండు వేలు పెట్టుకోండి. అందులో గది సగానికి పైగా, తిండి నాలుగైదు వందలు, మిగతాది టికెట్లకు, షేర్ టాక్సీకి. డార్మిటరీలో ఉంటే ఇంకా తగ్గుతుంది. రైలు టికెట్లు, కొండ ఎక్కి దిగే జీపు దీనికి విడి. ఒక రెండు వేలు విడిగా కట్టి సంచి అడుగున పెట్టండి. చరియ విరిగి దారి మూసుకుపోతే ఒక రాత్రి అదనంగా ఉండాల్సి రావచ్చు.

తేయాకు కొనడానికి కొంత దాచుకోండి. డార్జిలింగ్, కాలింపాంగ్ జిల్లాల్లోని 87 తోటల్లో పండినదే డార్జిలింగ్ టీ. దేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన మొదటి ఉత్పత్తి కూడా ఇదే. మార్చి, ఏప్రిల్ కోత లేతగా, పూల వాసనతో ఉంటుంది. మే, జూన్ కోతకు ద్రాక్ష లాంటి పరిమళం. పాలు పోసి మరిగించేవారికి ఇది వృథా. దీన్ని వేడి నీటిలో మూడు నిమిషాలు నానబెట్టి వడకట్టాలి. దుకాణంలో రుచి చూపించమని అడగండి, చూపిస్తారు. వంద గ్రాములు చాలు.

తిరుగు ప్రయాణం

వెళ్లే ముందు రోజు చౌక్ బజార్ స్టాండ్‌కు దిగి షేర్ జీపులు పొద్దున ఎప్పటి నుంచి కదులుతాయో కనుక్కోండి. ముందుగానే సీటుకు డబ్బు కట్టి చీటీ తీసుకోగలిగితే ఇంకా మంచిది. ఎన్‌జేపీలో రైలు సాయంత్రం అయితే ఉదయం తొమ్మిదిలోపు బయలుదేరాలి. దిగేటప్పుడు దారిలోని కుర్సియాంగ్ ఊరి దగ్గర వాహనాలు గంటసేపు నిలిచిపోవడం మామూలే. సిలిగుడి దగ్గరవుతున్న కొద్దీ ఒక్కో పొర విప్పాల్సి వస్తుంది, సంచి పైన చోటు ఉంచుకోండి.

జీపు తొమ్మిదికి కదా అని చివరి ఉదయం పడుకోకండి. సంచి రాత్రే సర్ది పెట్టి, ఆరింటికి మళ్లీ అబ్జర్వేటరీ కొండ చుట్టూ నడవండి. ముందు రోజులన్నీ కొండ కనిపించి ఉన్నా సరే, కనిపించకపోయినా సరే.